సందు లేని రెక్క

పుప్పాలగూడ,
2024 ఫిబ్రవరి 11, ఆదివారం.

తమ్ముడు సురేంద్రకు,

పొద్దున మంచు. ఎదురుగా ఉన్న టవర్లలో పై సగం కనిపించలేదు. పది దాటాక ఎండ వచ్చింది. షాపు ముందు నీళ్లు చల్లించి, కట్టర్ బ్లేడు మార్చి, మన చిన్న విమానం మీది కవరు తీసి దుమ్ము తుడిచాను. రోజూ డైరీ ఇలాగే మొదలుపెట్టడం అలవాటు. ఉత్తరం కూడా అలాగే మొదలైంది, ఏమనుకోకు.

ఈ కాలంలో ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నాకు వినపడదు. ఇన్నేళ్లు అల్యూమినియం కోసిన చెవులు. ఎదుటి మనిషి పెదవులు కనిపిస్తేనే మాట అందుతుంది. వాట్సాప్‌లో నేను నాలుగు లైన్లు పెడితే నువ్వు బొటనవేలి బొమ్మ పెడుతున్నావు. బొటనవేలికి ఏమని జవాబు రాయాలి? అందుకని కాగితం మీద రాసి, మీ కొండాపూర్‌లో కిటికీలు దింపడానికి వెళ్తున్న మన ట్రాలీ ఎల్లయ్య చేతికి ఇస్తున్నాను. జవాబు లేకుండా తిరిగి రావొద్దని చెప్పాను.

"సార్ రాసియ్యకుంటే ఏం జెయ్యాలె సేటూ?" అన్నాడు.

"ఇచ్చేదాంక గేటు ముంగట్నే పండు."

"గట్లనే. ఆడ వాచ్‌మన్ మనోడే, చాయ్ పోస్తడు. నాకేం ఫికర్."

జనవరి చివరి ఆదివారం, ఎప్పుడూ మనం విమానం ఎగరేసే పార్థసారథి గారి పొలంలో విమానం దింపి, తాళం చెవి ఆయనకిచ్చి వెళ్లావట. ఆ రోజు నేను మదీనాగూడ సైటులో ఉన్నాను. రెక్కలు విప్పించి ట్రాలీ మీద తెచ్చింది ఎల్లయ్యే. అప్పటి నుంచి నువ్వు షాపుకు రాలేదు. మీ వదిన ఇప్పటికీ ఆదివారం బియ్యం నీకు కూడా కలిపి పోస్తోంది. మిగిలిపోతే రాత్రి నా చేత తినిపిస్తోంది.

నిన్న ఎల్లయ్య రెక్క వెనుక అంచు చూసి "గీ రెండు తలుపులేంది సేటూ?" అని అడిగాడు. లోపలివైపుది ఫ్లాప్, అది కిందికి దించితే విమానం నెమ్మదిస్తుంది. బయటివైపుది ఐలరాన్, సీటు ముందున్న స్టిక్కు తిప్పితే అది కదిలి విమానం పక్కకు వంగి మలుపు తిరుగుతుంది అని చెప్పాను. పాతవి బాగానే ఉండగా కోయడం ఎందుకు అన్నాడు. పార్థసారథి గారు పొలంలో సగం వెంచర్ వాళ్లకు అమ్మేశారని, మిగిలిన నేల మీద దిగాలంటే విమానం ఇంకా నెమ్మదిగా రావాలని, అందుకే ఫ్లాప్‌ను పొడుగు చేసి దాని పక్కనున్న ఐలరాన్‌ను పొట్టి చేశామని చెప్పాను. "అంటే బయటి తలుపు జాగను లోపలి తలుపు కబ్జా వెట్టింది" అన్నాడు. నువ్వుంటే పగలబడి నవ్వేవాడివి.

ఆ పనిని మళ్లీ ఒకసారి మొత్తం చూసుకున్నాను. నీకు గుర్తుందా, విమానం విడిభాగాల కిట్టు అమ్మిన కంపెనీ వాళ్ల బొమ్మలో ఫ్లాప్‌కూ ఐలరాన్‌కూ మధ్య పెన్సిల్ దూరేంత సందు. నా షాపులో ఎవడైనా అంత సందు పెట్టి కిటికీ షట్టర్ బిగిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తాను. నేను చేసినదాంట్లో ఇప్పటికీ కాగితం దూరదు. చేత్తో తిప్పితే ఎక్కడా రాచుకోదు. కంపెనీ మూతపడకపోయి ఉంటే ఫొటో తీసి పంపేవాణ్ని, చూసి నేర్చుకోమని.

మార్పు చేశాక నువ్వు మూడుసార్లు ఎగిరావు. మొదటి రెండుసార్లు దిగగానే నా భుజం మీద చరిచి "నారాయణన్నా, కాడెద్దు మాదిరి నెమ్మదిగా వస్తాంది" అన్నావు. మూడోసారి సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. అది ఒక్క మనిషి పట్టే విమానం. నువ్వు చెబితేనే పైన ఎలా ఉందో నాకు తెలిసేది.

వచ్చే ఆదివారం రా.

నీ అన్న,
వెంకటనారాయణ.


కొండాపూర్,
ఫిబ్రవరి 20.

వెంకటనారాయణ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఎల్లయ్య ఆ రోజు గంటసేపు నిలబడ్డాడు. ఆఫీసు కాల్‌లో ఉండి వెంటనే రాయలేకపోయాను. తర్వాత రాస్తానని పంపించేశాను. అతన్ని ఏమీ అనకండి.

కొత్త ప్రాజెక్టు వచ్చింది, తీరిక ఉండటం లేదు. ఆదివారాలు కూడా పనే. ఇంట్లో మా ఆవిడకూ నా ఎగురుడు మొదటి నుంచీ ఇష్టం లేదు. అన్నీ ఆలోచించుకున్నాను. నేను ఇక ఎగరదలచుకోలేదు.

హైటెక్ సిటీలో మా ఆఫీసున్న భవనం వాళ్లు కింది హాలు కొత్తగా చేయిస్తున్నారు. పైకప్పు నుంచి ఒక చిన్న విమానం వేలాడదీయాలని వాళ్ల ఉద్దేశం. మన విమానం ఫొటో చూపిస్తే నచ్చిందన్నారు. షాపులో దుమ్ము పట్టడం కన్నా నలుగురూ చూసే చోట ఉండటం మేలు కదా. మీరేమంటారో తెలియజేయండి.

వదిన గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
సురేంద్ర.


పుప్పాలగూడ,
మార్చి 3, ఆదివారం.

సురేంద్రకు,

ఎండ ముదిరింది. పొద్దున రెండు స్లైడింగ్ షట్టర్లకు రబ్బరు మార్చాను. మధ్యాహ్నం పని ఏమీ చేయలేదు.

నీ ఉత్తరం మీ వదిన రుక్కమ్మ చదివి మడిచి నాకిచ్చింది. "గీ పిల్లగాడు నిన్ను మీరు అని ఎప్పుడన్నడు?" అని అడిగింది. నంద్యాల నుంచి వచ్చి నా షాపులో మొదటిసారి కూర్చున్న రోజే నువ్వు "అన్నా, నువ్వు" అన్నావు. కిటికీ ధర కనుక్కోవడానికి వచ్చి, బల్ల మీదున్న అల్యూమినియం సెక్షన్ ముక్క చేత్తో పట్టుకుని, విమానం రెక్కలు కూడా ఇలాంటిదానితోనే కడతారు తెలుసా అన్నావు. కిటికీ బేరం సంగతే మరిచిపోయి చీకటి పడేదాకా కూర్చున్నావు. పదో తరగతి దాటని నేను నీ కిట్టు పుస్తకం కోసం డిక్షనరీ కొనుక్కున్నాను. ఇవన్నీ నీ మీద మోపడానికి రాయడం లేదు.

నిన్న పార్థసారథి గారి పొలానికి వెళ్లాను. ఆ రోజు ఏం జరిగిందని అడిగాను. ఆయన మెల్లగా, నా ఎదురుగా నిలబడి చెప్పారు.

"మీ కుర్రాడు చక్కగానే దింపాడండీ. కానీ దిగడే! ఇంజను ఆపేసి, స్టిక్కు అటూ ఇటూ తిప్పి, తర్వాత తన రెండు చేతులూ చూసుకుంటా కూచున్నాడు. కాఫీ తెమ్మంటారా అంటే వద్దన్నాడండీ. తాళం ఇచ్చేసి, కారెక్కి కూడా చాలాసేపు కదల్లేదు."

స్టిక్కు తిప్పి చూశావంటే పనిలో ఏదో నచ్చలేదు. అంతకు తప్ప నాకు వేరే అర్థం తోచలేదు. దివ్యకు ఇష్టం లేదని ఇప్పుడు రాస్తున్నావు. మొన్న డిసెంబరులో రెక్కల మీద రంగు ఏది బాగుంటుందో చెప్పింది ఆ అమ్మాయే.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. నా పనిలో తప్పుందా? ఫ్లాప్ బరువైందా? ఐలరాన్ పొట్టిదై మలుపు సరిగా తిరగలేదా? ఏదైనా సరే చెప్పు. మొత్తం విప్పి మళ్లీ చేస్తాను. చేసింది చెడగొట్టుకుని మళ్లీ చేయడం నాకు నామోషీ కాదు. చెప్పకుండా వెళ్లిపోతే ఏం విప్పాలో నాకెలా తెలుస్తుంది?

విమానం అమ్మడం మాట తర్వాత చూద్దాం.

వెంకటనారాయణ.


కొండాపూర్,
మార్చి 15.

వెంకటనారాయణ గారికి,

మీ పనిలో ఏ తప్పూ లేదు. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు. ఇంత శుభ్రంగా చేసిన రెక్క నేను ఇంకెక్కడా చూడలేదు. దయచేసి ఆ మాట మళ్లీ అడగకండి.

కారణం నా సొంతది. రాయగలిగింది కాదు.

భవనం వాళ్లు తొందరపెడుతున్నారు. ఇంజిన్ తీసేసి ఇవ్వాలట. తాళ్లు విమానం ఒంటి మీద కనిపించకూడదట, రెండు రెక్కల్లో బాగా బయటికి కొక్కేలు పెట్టాలట. ఆ పని మీరు తప్ప ఎవరు చేసినా నాకు ఇష్టం లేదు.

కిట్టు నేను కొన్నానుగానీ విమానం చేసింది మీరు. మీరు వద్దంటే అమ్మను. ఈ మాట మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. వద్దంటే ఒక్క ముక్క రాసి పంపండి, చాలు.

సురేంద్ర.


పుప్పాలగూడ,
ఏప్రిల్ 14, ఆదివారం.

సురేంద్రకు,

వడగాలి. కరెంటు రెండుసార్లు పోయింది. షాపు వెనుక రేకుల మీద తడి గోనెలు పరిపించాను.

జవాబు ఆలస్యమైంది. వస్తువు నీది. అమ్ముకో.

ఇంజిన్ దింపించి గోనెలో చుట్టి పెట్టాను. భవనం వాళ్ల మనిషి గిరీష్ వచ్చి, కొక్కేలు ఎక్కడ రావాలో చాక్‌పీసుతో గుర్తులు పెట్టి పోయాడు. బరువు ఆగాలంటే కొక్కెం బోల్టులు రెక్క లోపలి ముఖ్య దూలంలో నుంచే పోవాలి. ఈ రోజు సాయంత్రం రెండువైపులా ఆ దూలానికి బెజ్జాలు వేశాను. పని శుభ్రంగా వచ్చింది.

దూలానికి బెజ్జం పడితే ఆ రెక్క ఇక ఎగరడానికి పనికిరాదని నీకు తెలుసు. కొత్త దూలం ఇచ్చే కంపెనీ లేదు. ఆలోచించే వేశాను.

డ్రిల్లు పెట్టే ముందు ఎల్లయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "సేటూ, కోపంల జేస్తున్నవా, సోయిల ఉండే జేస్తున్నవా?" అన్నాడు. నీకెందుకు, లైటు సరిగా పట్టు అన్నాను.

ఎల్లుండి గొలుసులతో షాపులోనే ఎత్తి చూస్తాను. సరిగా ఉంటే నెలాఖరు తర్వాత ఎప్పుడైనా తీసుకుపోవచ్చని వాళ్లకు చెప్పు.

వెంకటనారాయణ.


పుప్పాలగూడ,
ఏప్రిల్ 16, మంగళవారం.

తమ్ముడా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. ఎండ సంగతి, పని సంగతి తర్వాత.

మధ్యాహ్నం విమానానికి రెక్కలు తగిలించి, కొక్కేలకు గొలుసులు వేసి, అటు ఎల్లయ్య, ఇటు నేను పైకి లాగాం. చక్రాలు నేల వదిలాయి. ఒంటి బరువంతా రెక్కల మీద పడి రెండు రెక్కలూ కొంచెం పైకి వంగాయి. "రెక్కలు ఒంగుతున్నయి సేటూ, ఇరుగుతయేమో" అని ఎల్లయ్య కంగారుపడ్డాడు. విరగవు, గాలిలో కూడా ఇలాగే వంగుతాయి అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. అయినా నాకు ఏమీ తట్టలేదు.

ఎడమ ఐలరాన్ కొంచెం కిందికి వాలి ఉంది. సరిచేద్దామని స్టూలెక్కి చేత్తో తోశాను. కదల్లేదు. కీలు ఎండిపోయిందేమోనని నూనె వేశాను. కదల్లేదు. రెండు చేతులతో నెట్టాను, విమానం మొత్తం ఊగింది గానీ అది మాత్రం కదల్లేదు. కిందికి దింపమన్నాను. చక్రాలు నేలకు ఆనగానే ఒక్క వేలితో తిరిగింది. మళ్లీ ఎత్తించాను. మళ్లీ బిగుసుకుంది. నాలుగోసారి ఎత్తమంటే ఎల్లయ్య "ఏంది సేటూ, నా బొక్కలు ఇరగ్గొడ్తవా" అన్నాడు, కానీ నా మొహం చూసి ఎత్తాడు.

టార్చి పట్టి చూశాను. రెక్క పైకి వంగినప్పుడు ఐలరాన్ మూల వచ్చి ఫ్లాప్ చివరకు ఒత్తుకుంటోంది. నేను కాగితం దూరకుండా బిగించిన చోటే. అక్కడ రంగు లేచిపోయి అల్యూమినియం కనిపిస్తోంది. ఆ గీత ఈ రోజు పడింది కాదు. దానిలో దుమ్ము పట్టి నల్లబడి ఉంది.

కిట్టు వాళ్లు పెన్సిల్ పట్టేంత సందు ఎందుకు పెట్టారో ఈ రోజు తెలిసింది. నేను జీవితమంతా గోడల్లో కిటికీలు బిగించాను. గోడ వంగదు. రెక్కను నేనెప్పుడూ స్టాండు మీద పెట్టే చూసుకున్నాను. పైన నువ్వొక్కడివే ఉన్నావు.

ఇంజిన్ లేకుండా, నువ్వు లేకుండా, ఉత్త డొల్లకే ఇంత వంగితే, ఆ రోజు మలుపులో ఎంత వంగి ఉంటుంది! మలుపులో బరువు రెట్టింపు అవుతుందని పుస్తకంలో చదివి నీకు చెప్పింది కూడా నేనే.

ఆ రోజు స్టిక్ బిగుసుకుంది, అవునా? దిగాక తిప్పి చూశావు, తిరిగి ఉంటుంది. నా పని మీద నమ్మకం పోయింది, ఆ మాట నా మొహం మీద అనలేక మీరు, గారు అని రాశావు. పనిలో తప్పు లేదని నన్ను ఊరడించడానికే రాశావని అప్పుడే అనుకున్నాను, అందుకే ఇంకా మండింది. మండి దూలానికి బెజ్జాలు వేశాను. ఆ బెజ్జాలు వేయకపోతే విమానాన్ని ఎత్తేవాణ్ని కాదు, ఎత్తకపోతే ఇది బయటపడేది కాదు. రెండు రోజుల ముందు ఇంకెలాగైనా తెలిసి ఉంటే, ఆకురాయితో ఒక పూట రాకితే సరిపోయేది. ఇప్పుడు సరిచేసినా అది ఎగరదు.

ప్రాణాలతో దిగావు. రుక్కమ్మకు చెప్పలేదు, చెబితే నన్ను ఇంట్లోకి రానివ్వదు.

నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు. ఎల్లయ్యను ఈసారి గేటు దగ్గర నిలబడమనలేదు.

నారాయణ.


కొండాపూర్,
ఏప్రిల్ 19.

అన్నా,

నీ ఉత్తరం చదివి బాత్‌రూంలోకి పోయి కుళాయి తిప్పి కూర్చున్నాను. దివ్య తలుపు కొట్టేదాకా రాలేదు.

నీకు నా మీద ఎంత కోపమో నాకు తెలియదు. నా మీద నాకే ఎంత అసహ్యమో నీకూ తెలియదు. నువ్వు అనుకున్నది సగమే నిజం. నీ పని మీద నాకు అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు. వచ్చి ఉంటే ఇద్దరం బాగుపడేవాళ్లం.

ఆ రోజు చెరువు దాటి ఎడమకు తిప్పాను. గాలి బాగుందని ఎప్పుడూ లేనంత గట్టిగా వంచాను. మలుపు అయ్యాక స్టిక్ కుడికి తెచ్చాను. రాలేదు. ఒక చేత్తో తోశాను, రెండు చేతులతో తోశాను. రెక్క కిందికి చూస్తోంది, నేల తిరుగుతోంది. దివ్య పేరు కూడా గుర్తు రాలేదన్నా, చిన్నప్పటి మా ఇంటి వరండా గుర్తొచ్చింది. ఇక అయిపోయిందనుకుని చేతులు వదిలేశాను. విమానం ముక్కు కొంచెం దిగింది. మళ్లీ పట్టుకుంటే ఏమీ జరగనట్టు స్టిక్ కుడికి వచ్చేసింది. నేల మీద కూడా తిప్పి తిప్పి చూశాను. నువ్వు చేసింది కదా, ఎక్కడ తగులుతుంది! బిగుసుకున్నది స్టిక్ కాదు, నా చేతులు అనుకున్నాను. వదిలేసరికి రెక్క మీది బరువు తగ్గి వంపు పోయిందని నీ ఉత్తరం చదివాకే అర్థమైంది.

ఎందుకట్లా అనుకున్నానో చెప్పాలి. మా నాయన పుల్లయ్య లారీ నడిపేవాడు. నేను ఇంటర్‌లో ఉండగా ఘాట్ రోడ్డులో ఒక వంపు దగ్గర చేతులు బిగుసుకుపోయి స్టీరింగ్ తిప్పలేకపోయాడు. లారీ గోడకు ఆని నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తర్వాత ఆయన స్టీరింగ్ ముట్టలేదు. ఊళ్లో వాళ్లు "ఏం పుల్లయ్యా, చేతులు కరుసుకున్యాయంటనే" అని నవ్వితే తల వంచుకుని వచ్చేవాడు. నాకు అదే వచ్చిందనుకున్నా. ఆ మాట నీకెట్లా రాస్తాను? నువ్వు కష్టపడి కట్టిన విమానాన్ని ఒక పిరికివాడి చేతిలో పెట్టావని ఏ మొహంతో చెప్తాను?

జనవరి నుంచి కారు కూడా నడపడం లేదు. మణికట్టు నొప్పి అని దివ్యతో అబద్ధం చెప్పాను. రోజూ ఆమే నన్ను ఆఫీసు దగ్గర దించి పోతోంది. మీ ఇంటికి రావాలంటే క్యాబ్ ఎక్కాలి. కారేదిరా అని నువ్వు అడుగుతావని రాలేదు. అంతే అన్నా. ఇంత చిన్న కారణం.

కోపం రాలేదని చెప్పను. వచ్చింది. చచ్చిపోయి ఉండేవాణ్ని. కానీ కిట్టు బొమ్మలో ఆ సందు నేను కూడా చూశాను. నువ్వు కాగితం పెట్టి దూరడం లేదు చూడు అంటే చప్పట్లు కొట్టినవాణ్ని నేనే. ఇంజినీరింగ్ చదివినవాణ్ని. ఎవరిని తిట్టాలి?

నువ్వు వద్దంటే విమానం అమ్మనని మార్చిలో రాసినప్పుడు నువ్వు వద్దంటావనే అనుకున్నాను. రోజూ ఎల్లయ్య కోసం బాల్కనీలో నిలబడేవాణ్ని. నువ్వు వద్దంటే, ఏం చేసైనా మళ్లీ నేర్చుకోవాలని ఒక మూల ఆశ. నెల రోజులకు "అమ్ముకో" అని వచ్చింది.

ఇప్పుడు మాట వెనక్కి తీసుకున్నా దూలం అతుక్కోదు. వాళ్లకే ఇచ్చేద్దాం. తీసుకుపోయే ముందు ఒకసారి వచ్చి కూర్చుంటా.

నీ తమ్ముడు,
సురేంద్ర.


హైటెక్ సిటీ,
మే 5, ఆదివారం.

తమ్ముడు సురేంద్రకు,

బయట ఎండ నిప్పులు. లోపల ఏసీకి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉండగానే రెక్కలు ఒక ట్రాలీలో, ఒళ్లు ఒక ట్రాలీలో తెచ్చాం. ఇంత పెద్ద హాలులో చీపురు దొరకలేదు, ప్యాకింగ్ అట్టలతోనే నేల తుడిచి పనిలో దిగాం. ఇప్పుడు భోజనం వేళ. ఎల్లయ్య పాలరాతి మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. సెక్యూరిటీ అతను వచ్చి ఇక్కడ పండుకోవద్దు అంటే, "విమానం రాగానే లేస్తలే" అన్నాడు. 

నిన్న నువ్వు వచ్చి వెళ్లాక రాయాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు సీట్లో కూర్చుని "అన్నా, ఒకసారి ఎత్తు" అన్నావు. నీ బరువుతో పాటు ఎత్తాం. రెక్కలు ఇంకా వంగాయి. నువ్వు స్టిక్ ఎడమకు తిప్పావు, కుడికి తిప్పావు. ఎక్కడా ఆగలేదు. కిందికి చూసి, "ఎప్పుడు రాకినావు?" అన్నావు.

"పోయిన శుక్రవారం."

"ఇంగ ఎగరదు కదన్నా. ఎందుకు?"

"సందు ఉండాల్నంత ఉండాలె గద" అన్నాను. 

నువ్వు చాలాసేపు తిప్పుతూనే ఉన్నావు. నీ పెదవులు నాకు కనిపించలేదు, ఏమైనా అన్నావేమో తెలియదు. రుక్కమ్మ చాయ్ తెచ్చి, "కిందికి దిగి తాగుతవా, గాల్లెనే తాగుతవా?" అంటే నవ్వావు. జనవరి తర్వాత నీ నవ్వు చూడటం అదే. చీకటి పడ్డాక కారు నువ్వే తీసుకుని వెళ్లావు. మలుపు దగ్గర ఇండికేటర్ వేసి, మెల్లగా తిప్పుకున్నావు. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను, నువ్వు చూసి ఉండవు.

ఇంకోటి కడదామా అని నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు. నా కళ్లకు ఇప్పుడు చిన్న గీతలు ఆనడం లేదు. నీకు కూతురి చదువుంది. అడగకపోవడమే మంచిదనుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం, అడిగి ఉంటే ఏమనేవాడివో అని ఆలోచించాను.

చెప్పాలనుకున్నది ఇది కాదు. మార్చి నెలలో నీ ఉత్తరం అందిన రోజే "వద్దు" అని ఒక కాగితం రాశాను. ఎల్లయ్య ట్రాలీ స్టార్టు చేసి చెయ్యి చాపాడు కూడా. వీడు కదా ముందు రావాలి, నేనెందుకు బతిమాలాలి అనిపించి, చింపి రంపపు పొట్టులో పడేశాను. నువ్వు బాల్కనీలో నిలబడ్డ రోజుల్లో అది ఒకటి. ఐలరాన్ సంగతి తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

పొద్దున పని మధ్యలో గిరీష్ వచ్చాడు. పని ఎంతవరకు వచ్చిందో చూసి, "అంకుల్, ఈ వెనకాల కదిలే పార్ట్స్ ఉన్నాయి కదా, అవి ఫిక్స్ చేసేయండి. ఏసీ గాలికి ఊగుతుంటే కింద నుంచి చూసేవాళ్లకు బాగోదు" అన్నాడు. స్టిక్ దగ్గర నుంచి పట్టీ కట్టి ఆపుతాను అన్నాను. ఎప్పటికైనా ఊడుతుంది అంకుల్, పర్మనెంట్‌గా ఉండాలి అన్నాడు. చెడ్డ పిల్లవాడు కాదు. నాకు మంచినీళ్లు తనే తెచ్చి ఇచ్చాడు. దీనికి ఎగిరే విమానం లెక్క వర్తించదు, వాళ్ల లెక్క వర్తిస్తుంది. సరే అన్నాను.

రివెట్ గన్ తీసుకుని నిచ్చెన ఎక్కాను. ముందు ఫ్లాప్‌లు రెండూ పైకి లేపి రెక్కకు సమంగా పెట్టి కొట్టేశాను. తర్వాత కుడి ఐలరాన్ సరిగ్గా మధ్యకు తెచ్చి, ఫ్లాప్‌తో కలిపి చిన్న పట్టీ వేసి కొట్టాను. సందు అలాగే ఉంచాను. పెన్సిల్ దూరుతుంది. అన్నానికి దిగే ముందు అంతవరకు అయింది.

ఎల్లయ్య లేచాడు, నిచ్చెన అటువైపు జరుపుతున్నాడు. ఇప్పుడు ఎడమ ఐలరాన్ ఒక్కటే మిగిలింది, ఆ రోజు నీకు బిగుసుకున్నది. ఎక్కుతున్నాను.

నీ అన్న,
నారాయణ.